పిట్యూటరీ గడ్డ ఆపరేషన్: కొంత భాగాన్ని లోపలే వదిలేస్తామంటున్నారు, ఎందుకు?

గోరువంక

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు అరవై రెండేళ్లు. కొంతకాలంగా ఆమె నడుస్తూ నడుస్తూ తలుపు అంచులకు, పక్క నుంచి వచ్చే మనుషులకు తగులుతూ ఉండేవారు. కళ్లద్దాలు మార్చినా ప్రయోజనం లేకపోవడంతో కంటి డాక్టరు గారు చూపు విస్తృతిని కొలిచే పరీక్ష చేయించారు. రెండు కళ్లలోనూ బయటి వైపు చూపు బాగా తగ్గిందని అందులో తేలింది. ఆ తరువాత తీసిన ఎం.ఆర్.ఐ.లో, మెదడు అడుగున ఉండి హార్మోన్లు తయారు చేసే పిట్యూటరీ గ్రంథి దగ్గర 34 మిల్లీమీటర్ల గడ్డ ఉందనీ, అది పైన ఉన్న దృష్టి నాడుల కూడలిని పైకి నెడుతోందనీ, ఎడమ వైపు కెరోటిడ్ ధమనిని పూర్తిగా చుట్టేసిందనీ రాశారు. నివేదికలో "నాస్ప్ గ్రేడ్ 4" అని ఉంది. రక్త పరీక్షలో ప్రొలాక్టిన్ అనే హార్మోను మిల్లీలీటరుకు 68 నానోగ్రాములు వచ్చింది.

ముక్కు ద్వారా ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్నని గొట్టం)తో ఆపరేషన్ చేస్తామని సర్జన్ గారు చెప్పారు. అంతవరకూ మాకు అర్థమైంది. అయితే ధమని చుట్టూ ఉన్న భాగాన్ని తాను ముట్టుకోననీ, దాన్ని కావాలనే వదిలేస్తాననీ ఆయన ముందుగానే స్పష్టం చేశారు. ఆపరేషన్ అంటూ చేశాక గడ్డను మిగల్చడం ఏమిటని ఇంట్లో అందరూ కలవరపడుతున్నారు. వేరే చోట చూపిస్తే మొత్తం తీసేస్తారేమో అని కొందరు అంటున్నారు. ఈ విషయంలో అనుభవం, అవగాహన ఉన్నవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.

తంగేడు

గోరువంక గారూ, నేను న్యూరోసర్జన్‌ని. ఎం.ఆర్.ఐ. చిత్రాలు చూడకుండా మీ అమ్మగారి విషయంలో నిర్ణయం చెప్పలేను కానీ, మీ సర్జన్ గారి మాట వెనుక ఉన్న ఆలోచనను వివరించగలను. ముందే చెప్పేస్తున్నాను: ఎంత మిగిల్చారన్నదాని కంటే ఎక్కడ మిగిల్చారన్నదే ఇక్కడ ముఖ్యం.

పిట్యూటరీ గ్రంథి బఠానీ గింజంత ఉంటుంది. పుర్రె అడుగున ఎముకలో ఉన్న చిన్న గుంటలో అది కూర్చుని ఉంటుంది. దాని ముందు, కింద స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గది ఉండడం వల్లే ముక్కు ద్వారా అక్కడికి చేరుకోగలుగుతున్నాం. గ్రంథికి సరిగ్గా పైన రెండు దృష్టి నాడులు కలుసుకునే కూడలి ఉంటుంది. కుడి ఎడమల కావర్నస్ సైనస్ అనే సిరల గదులు ఉంటాయి. మెదడుకు రక్తం తీసుకువెళ్లే కెరోటిడ్ ధమని ఒక్కొక్క గదిలో నుంచి మెలికలు తిరుగుతూ పైకి వెళుతుంది. కంటిని కదిలించే మూడో, నాలుగో నాడులు, ముఖానికి స్పర్శ ఇచ్చే అయిదో నాడి శాఖలు ఆ గది బయటి గోడలో ఉంటాయి. ఆరో నాడి మాత్రం గది లోపలే, ధమనిని ఆనుకుని వెళుతుంది.

గడ్డ ఈ గదిలోకి ఎంతవరకు చొచ్చుకుపోయిందో 0 నుంచి 4 వరకు అంచనా వేసే పద్ధతినే నాస్ప్ వర్గీకరణ అంటారు. 4 అంటే ధమని చుట్టూ పూర్తిగా అల్లుకుపోయిందని అర్థం. అటువంటి చోట గడ్డను ఆఖరి కణం వరకు తీయాలని పట్టుబడితే, ధమనికి గాయం కావచ్చు, లేదా కంటిని కదిలించే నాడులు దెబ్బతిని ప్రతి వస్తువూ రెండుగా కనిపించవచ్చు. అనుభవజ్ఞుల చేతుల్లో కెరోటిడ్ ధమనికి గాయం కావడం నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే జరుగుతుంది. అది అంత అరుదుగా ఉండడానికి ఒక కారణం, ఎక్కడ ఆగాలో వారికి తెలిసి ఉండడమే.

మరోవైపు, మీ అమ్మగారి చూపును దెబ్బతీస్తున్నది పైకి పెరిగిన భాగం. దాన్ని మాత్రం మిగల్చకూడదు. ఆపరేషన్‌లో గుంట అడుగున, పక్కల ఉన్న గడ్డను ముందు ఖాళీ చేస్తే, పైన ఉన్న భాగం దానంతట అదే కిందికి దిగుతుంది. చివరికి గ్రంథిని కప్పి ఉంచే పలుచని పొర, గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని వెనుక ఉన్న మెదడుతో పాటు కొద్దిగా ఊగుతూ, ఎండోస్కోప్ తెర మీద కిందికి జారి వస్తుంది. అది నాలుగు వైపులా సమంగా దిగిందా, లేక ఏదైనా మూలన మడత పడి దాని వెనుక గడ్డ దాగి ఉందా అని కోణపు ఎండోస్కోప్‌తో వెతకడంలోనే చాలా సమయం గడుస్తుంది. పైభాగంలో పెద్ద ముక్కను వదిలేస్తే అది ఆపరేషన్ తరువాత ఉబ్బవచ్చు, లేదా అందులో రక్తస్రావం జరిగి చూపు ఉన్నట్టుండి పోవచ్చు. అందువల్ల పక్కన వదలడాన్నీ, పైన వదలడాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

వేపనీడ

డాక్టరు గారి వివరణ బాగుంది. అయినా నాకు సమాధానం దొరకని ప్రశ్న ఒకటి ఉంది. మా దగ్గరి బంధువుకు ఇలాగే కొంత మిగిల్చారు. కొన్నేళ్లకు అది మళ్లీ పెరిగింది, రెండో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. మొదటిసారే తెగించి తీసి ఉంటే ఆ మనిషికి ఆ బాధ తప్పేది కదా అని మేము ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం. వదిలేసిన గడ్డ పెరగదని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

మంచుతెర

వేపనీడ గారూ, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. హార్మోను తయారు చేయని గడ్డల్లో కొంత మిగిలినప్పుడు, ఇతర చికిత్స ఏదీ ఇవ్వకపోతే, సుమారు సగం మందిలో పదేళ్లలోగా అది పెరుగుతుంది. మిగతా సగం మందిలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోతుంది. ఎవరిది ఏ వర్గమో తెలుసుకోవడానికే వరుసగా ఎం.ఆర్.ఐ. తీస్తారు.

నేను రేడియేషన్ చికిత్స విభాగంలో పనిచేస్తాను కాబట్టి ఒక విషయం చేర్చాలి. మిగిలిన ముక్క పెరుగుతున్నట్టు తేలితే స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ, అంటే కోత లేకుండా రేడియేషన్ కిరణాలను గడ్డ మీదే కేంద్రీకరించే చికిత్స, ఇవ్వవచ్చు. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ భావనను ప్రతిపాదించారు. 1968లో స్టాక్‌హోమ్‌లో దీనికి వాడే మొదటి గామా నైఫ్ యంత్రం పనిచేయడం మొదలుపెట్టింది. హార్మోను తయారు చేయని గడ్డకు సాధారణంగా 12 నుంచి 16 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) వరకు ఒకేసారి ఇస్తారు. అయిదేళ్ల తరువాత చూస్తే నూటికి తొంభై మందికి పైగా గడ్డ పెరుగుదల ఆగి ఉంటుంది. కానీ దృష్టి నాడులు అంత మోతాదును తట్టుకోలేవు. వాటికి 8 నుంచి 10 గ్రే మించకుండా చూసుకోవాలి. అంటే గడ్డకూ దృష్టి నాడికీ మధ్య కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే మా పని సురక్షితంగా సాగుతుంది.

ఆ ఖాళీని కల్పించేది సర్జన్. పై భాగాన్ని పూర్తిగా తీసి, మిగిలినది ధమని పక్కన మాత్రమే ఉండేలా చేస్తే, దాన్ని రేడియోసర్జరీతో అదుపు చేయడం సాధ్యమవుతుంది. ధమనీ, దాని పక్కన ఉన్న కంటిని కదిలించే నాడులూ దృష్టి నాడి కంటే ఎక్కువ మోతాదును తట్టుకుంటాయి. కాబట్టి గోరువంక గారి అమ్మగారి విషయంలో సర్జన్ గారు వేసుకున్నది రెండు అంచెల ప్రణాళిక అయి ఉండవచ్చు. రేడియేషన్ వల్ల కూడా నష్టం లేకపోలేదు. కొన్నేళ్ల తరువాత మంచి గ్రంథి పనితీరు తగ్గిపోయి హార్మోను మాత్రలు వాడవలసి రావడం తరచుగా కనిపిస్తుంది. అందుకే మిగిలిన ముక్క కదలకుండా ఉంటే తొందరపడకుండా కనిపెట్టుకుని ఉండడం కూడా సరైన పద్ధతే.

నీలికలువ

నేను ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్ని. ఆపరేషన్ గురించి చర్చ బాగా సాగుతోంది కానీ, దానికి ముందు తేల్చుకోవలసిన సంగతులు రెండున్నాయి.

మొదటిది ప్రొలాక్టిన్. పిట్యూటరీ గడ్డల్లో ప్రొలాక్టిన్ తయారు చేసేవి ఒక ప్రత్యేక వర్గం. చూపు తగ్గినా సరే, వాటిలో ఎక్కువ భాగానికి మొదటి చికిత్స కాబర్గోలిన్ మాత్రలే. గడ్డ వారాల్లోనే కుంచించుకుపోయి చూపు మెరుగుపడడం మేము చూస్తూనే ఉంటాం. 34 మిల్లీమీటర్ల గడ్డ నిజంగా ప్రొలాక్టిన్ తయారు చేసేదే అయితే విలువ వందల్లో కాదు, తరచుగా వేలల్లో ఉంటుంది. 68 అన్నది వేరే కారణాన్ని సూచిస్తోంది. మెదడు నుంచి వచ్చే డోపమిన్ ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచుతుంది. గడ్డ గ్రంథి కాడను నొక్కినప్పుడు ఆ అదుపు సడలి విలువ కొద్దిగా పెరుగుతుంది. అయితే చాలా పెద్ద గడ్డల్లో ప్రొలాక్టిన్ విపరీతంగా ఉన్నప్పుడు కొన్ని యంత్రాలు దాన్ని తప్పుగా తక్కువ చేసి చూపిస్తాయి. రక్త నమూనాను పలుచన చేసి మళ్లీ పరీక్షిస్తే ఆ సందేహం తీరిపోతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా అవసరం లేని ఆపరేషన్‌కు వెళ్లినవారు ఉన్నారు. గోరువంక గారూ, నమూనాను పలుచన చేసి చూశారా అని తప్పకుండా అడగండి.

రెండోది కార్టిసాల్ (శరీరం ఒత్తిడిని తట్టుకోవడానికి కావలసిన స్టెరాయిడ్ హార్మోను), థైరాయిడ్. పెద్ద గడ్డ మంచి గ్రంథిని నొక్కి ఉంచుతుంది కాబట్టి ఈ రెండూ తగ్గి ఉండవచ్చు. ఇక్కడ చాలామంది టి.ఎస్.హెచ్. (థైరాయిడ్‌ను నడిపే పిట్యూటరీ హార్మోను) ఒక్కటే చూసి బాగుందనుకుంటారు. పిట్యూటరీ జబ్బులో టి.ఎస్.హెచ్. మామూలుగానే కనిపిస్తూ ఉచిత టి4, అంటే అసలు థైరాయిడ్ హార్మోను, తగ్గి ఉంటుంది. కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తగ్గి ఉంటే ముందుగా కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, ఆ తరువాతే థైరాక్సిన్ ఇవ్వాలి. క్రమం తిరగబడితే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా వేగంగా ఖర్చయిపోయి రోగి ప్రాణాపాయంలో పడవచ్చు.

ఇక మిగిల్చే విషయంలో, హార్మోను ఎక్కువగా తయారు చేసే గడ్డల లెక్క వేరు. పెరుగుదల హార్మోను ఎక్కువై వచ్చే అక్రోమెగలీలో గానీ, కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్ జబ్బులో గానీ చిన్న ముక్క మిగిలినా హార్మోను స్రవిస్తూనే ఉంటుంది, శరీరాన్ని దెబ్బతీస్తూనే ఉంటుంది. కుషింగ్ జబ్బులో గడ్డ కొన్నిసార్లు ఎం.ఆర్.ఐ.లో కనిపించనంత చిన్నది. అటువంటప్పుడు తల అడుగున ఉన్న పెట్రోసల్ సిరల నుంచి రక్తం తీసి, చేతి రక్తంతో పోల్చి, హార్మోను పిట్యూటరీ నుంచే వస్తోందని ముందు నిర్ధారించుకుంటాం. ఆపరేషన్ తరువాత కార్టిసాల్ బాగా పడిపోతే మాకు సంతోషం, ఎందుకంటే గడ్డ మొత్తం పోయిందనడానికి అదే మంచి గుర్తు. ఆ తరువాత మంచి కణాలు నిద్ర లేచే వరకు నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడాలి. ఇటువంటి గడ్డల్లో, వీలైన చోట, కొందరు నిపుణులు కావర్నస్ సైనస్ లోపలి గోడను కూడా తొలగిస్తారు. హార్మోను తయారు చేయని గడ్డకు అంత సాహసం అక్కరలేదు.

ఇసుకతిన్నె

నీలికలువ గారు చెప్పిన అక్రోమెగలీ నాకు ఉంది. ఉంగరం వేలికి పట్టకపోవడం, చెప్పుల సైజు పెరగడం, దవడ ముందుకు రావడం వంటి మార్పులు ఏళ్ల తరబడి అతి నెమ్మదిగా వచ్చాయి కాబట్టి రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తెలియలేదు. చాలాకాలానికి కలిసిన స్నేహితుడు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

నా గడ్డ కూడా ఒక వైపు ధమని పక్కకు వెళ్లింది. ఆపరేషన్ తరువాత చేతుల వాపు, చెమటలు కొన్ని రోజుల్లోనే తగ్గడం చూసి జబ్బు పూర్తిగా పోయిందని మా ఇంట్లో పండగ చేసుకున్నారు. మూడు నెలల తరువాత పెరుగుదల హార్మోను ప్రభావాన్ని కొలిచే ఐ.జి.ఎఫ్.-1 పరీక్షలో విలువ వయసుకు ఉండవలసిన దాని కంటే ఎక్కువగానే వచ్చింది. ఆ రోజు నేను చాలా కుంగిపోయాను. అప్పుడు మా డాక్టరు గారు చెప్పిన మాట నాకు ధైర్యం ఇచ్చింది: గడ్డలో ఎక్కువ భాగం పోవడం వల్ల ఇప్పుడు మందు ముందుకంటే బాగా పనిచేస్తుంది అన్నారు. నెలకొకసారి లాన్రియోటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక విలువ మామూలు స్థాయికి వచ్చింది. గురక తగ్గింది, రక్తపోటు మాత్రలు సగానికి తగ్గాయి.

గోరువంక గారూ, మిగిలిన ముక్కతో బతకడం సాధ్యమే. అయితే పరీక్షల తేదీలను పక్కన పెట్టకూడదు. ఒంట్లో బాగుందని నాతో పాటు చూపించుకునే ఒకరు ఏళ్లపాటు రావడం మానేశారు. తిరిగి వచ్చేసరికి గుండె గోడలు మందమై ఉన్నాయి.

పాలపిట్ట

ఇ.ఎన్.టి. సర్జన్‌గా నా వైపు నుంచి ఒక మాట. ఈ ఆపరేషన్‌లో చాలా చోట్ల ఇద్దరు సర్జన్లు కలిసి పనిచేస్తారు. ఒకరు ఎండోస్కోప్ పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులతో పనిముట్లు వాడతారు. ముక్కు లోపలి దారి తెరవడం, చివరలో దాన్ని మూయడం మా బాధ్యత. ఎంత తీశారన్నదాని గురించే అందరూ అడుగుతారు, ఎలా మూశారన్నది ఎవరూ అడగరు. రోగి ఇంటికి ఎప్పుడు వెళ్తారన్నది మాత్రం చాలావరకు మూతను బట్టే ఉంటుంది.

గడ్డకూ మెదడు చుట్టూ ఉండే ద్రవానికీ మధ్య ఉన్న పొర చాలా పలుచన. అది చిరిగితే ఆ ద్రవం ముక్కులోకి కారుతుంది, ముక్కులోని సూక్ష్మక్రిములు మెదడు పొరల వైపు వెళ్లి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రావచ్చు. చిన్న చిరుగు అయితే పొట్ట నుంచి తీసిన కొద్దిపాటి కొవ్వు ముక్కతో మూసేస్తాం. పెద్ద రంధ్రం పడితే, ముక్కు మధ్య గోడ మీద ఉన్న మెత్తని పొరను దాని రక్తనాళంతో సహా ఒక రెక్కలా ఎత్తి, రంధ్రం మీదికి తిప్పి పరుస్తాం. రక్తప్రసరణ ఉన్న పొర కాబట్టి కొద్ది రోజుల్లోనే అతుక్కుంటుంది. 2006లో ప్రచురితమైన ఈ పద్ధతి రాక ముందు, పుర్రె అడుగున పెద్ద గడ్డలను ముక్కు ద్వారా తీయాలంటే ద్రవం కారుతుందన్న భయమే పెద్ద అడ్డంకిగా ఉండేది.

ఆ పొరను ఎత్తిన చోట కొన్ని వారాలు పొక్కులు కడతాయి, ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటూ ఉండాలి. కొందరికి వాసన తగ్గుతుంది, చాలామందికి క్రమంగా తిరిగి వస్తుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే రోగులు చాలా బెంగపడతారు కాబట్టి మీరే అడిగి తెలుసుకోండి.

చెరువుగట్టు

నాది పిట్యూటరీ కాదు, చెవి లోపలి నాడి మీద వచ్చే వెస్టిబ్యులార్ ష్వానోమా. అయినా ఈ చర్చ నాకు బాగా దగ్గరగా అనిపించింది. నా గడ్డ ముఖ నాడికి అతుక్కుపోయి ఉంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ముఖ కండరాల్లో పెట్టిన సన్నని తీగలతో నాడి స్పందనను కనిపెట్టుకుంటూ వచ్చారనీ, చివరి పలుచని పొర దగ్గర స్పందన తగ్గడం మొదలవగానే ఆగిపోయారనీ తరువాత చెప్పారు. ఆ పొరను కూడా తీసి ఉంటే గడ్డ మొత్తం పోయేదేమో కానీ, నా కన్ను మూతపడేది కాదు, నోరు ఒక పక్కకు పోయేది. ప్రస్తుతం ఆ పొర అలాగే ఉంది, పెరగలేదు.

వేపనీడ

అందరి మాటలూ చదివాక నా అభిప్రాయం కొంత మారింది. అయితే తంగేడు గారిని ఇంకో రెండు ప్రశ్నలు అడగాలని ఉంది. పుర్రె అడుగున వచ్చే అన్ని గడ్డలకూ ఇదే సూత్రమా? పుర్రె తెరిచి చేస్తే ధమని పక్కన ఉన్నది కూడా తీయవచ్చా?

తంగేడు

వేపనీడ గారూ, అన్నింటికీ ఇదే సూత్రం కాదు. ఉదాహరణకు క్లైవస్ అనే ఎముకలో పుట్టే కార్డోమాను తీసుకోండి. అది నెమ్మదిగా పెరిగినా మొండిది. మామూలు మోతాదు రేడియేషన్‌కు లొంగదు. అక్కడ మొదటి ఆపరేషన్‌లోనే వీలైనంత ఎక్కువ తీయాలని ప్రయత్నిస్తాం, ఆ తరువాత 70 గ్రేకు పైబడిన మోతాదులో, తరచుగా ప్రోటాన్ కిరణాలతో చికిత్స ఇస్తారు. కొద్దిగా మిగిలినా రోగి ఆయుష్షు మీద ప్రభావం పడుతుంది కాబట్టి, ఆ ప్రాంతంలో చేయి తిరిగిన బృందం చేతే మొదటిసారి చేయించుకోవాలి.

పిట్యూటరీ కాడ దగ్గర వచ్చే క్రేనియోఫారింజియోమా అనే గడ్డ దీనికి పూర్తిగా భిన్నం. అది ఆకలిని, దాహాన్ని, నిద్రను నడిపే హైపోథాలమస్‌కు అతుక్కుని ఉంటుంది. ఒకప్పుడు పిల్లల్లో దాన్ని మొత్తం తీయడానికే ప్రయత్నించేవారు. గడ్డ పోయేది కానీ, ఆ పిల్లలు ఆపుకోలేని ఆకలితో విపరీతంగా బరువు పెరిగి, జీవితాంతం కష్టపడేవారు. ఇప్పుడు హైపోథాలమస్ మీద ఉన్న భాగాన్ని వదిలి రేడియేషన్ ఇవ్వడం వైపే చాలామంది మొగ్గు చూపుతున్నారు. పెద్దవాళ్లలో వచ్చే పాపిల్లరీ రకంలో బి.ఆర్.ఎ.ఎఫ్. అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మార్పు మీద పనిచేసే వెమురాఫెనిబ్, కోబిమెటినిబ్ మాత్రలు కలిపి ఇచ్చిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది; 16 మందిలో 15 మందికి గడ్డ బాగా కుంచించుకుపోయింది. చిన్న అధ్యయనమే అయినా, గడ్డ ముక్కను పరీక్షకు పంపి ఏ రకమో తెలుసుకోకుండా పెద్ద ఆపరేషన్‌కు దిగే ముందు ఇప్పుడు మేము ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నాం.

ఇక పుర్రె తెరవడం గురించి. గడ్డ పక్కకు, కణత కింది మెదడు భాగం వైపు బాగా పాకినప్పుడు, లేదా మెదడు అడుగున ఉన్న రక్తనాళాలను చుట్టుకున్నప్పుడు పై నుంచి వెళ్లడం నేటికీ అవసరమే. ఒక్కోసారి రెండు దారులూ వాడవలసి వస్తుంది. అయితే కావర్నస్ సైనస్ లోపలి భాగానికి పై దారి కూడా భద్రమైనది కాదు. అక్కడికి చేరాలంటే ఆ నాడులను దాటుకునే వెళ్లాలి.

ఈ రెండు దారుల మధ్య ఊగిసలాట వంద ఏళ్లకు పైబడినది. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ తొలిసారి ముక్కు వైపు నుంచి పిట్యూటరీ గడ్డను తీశారు. అమెరికా న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ పై పెదవి కింద నుంచి వెళ్లే పద్ధతిలో రెండు వందలకు పైగా ఆపరేషన్లు చేసి, చివరికి దాన్ని వదిలి పుర్రె తెరిచే పద్ధతికే మారారు. ఆనాడు ఆ ఇరుకు దారిలో చాలినంత వెలుతురు లేదు, పైన ఏం మిగిలిందో కనిపించేది కాదు. ఆయన శిష్యుడు నార్మన్ డాట్ ఎడింబరోలో ఆ పద్ధతిని కాపాడుకుంటూ వచ్చారు, ఆయన నుంచి పారిస్‌లోని జెరార్ గ్యో నేర్చుకున్నారు, గ్యో నుంచి నేర్చుకున్న మాంట్రియల్ సర్జన్ జూల్ హార్డీ 1960లలో దానికి ఆపరేటింగ్ మైక్రోస్కోపును జోడించారు. 1990లలో ఎండోస్కోప్ వచ్చాక ఆ మూలలు కూడా కనిపిస్తున్నాయి. కనిపించిన ప్రతిదీ తీయదగినది కాదన్న సంగతి మాత్రం మారలేదు.

రేగుపూలు

నేను న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ తరువాతి రోజుల గురించి ఇక్కడ ఎక్కువగా రాలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదటి రెండు రోజుల్లో మేము గంట గంటకూ మూత్రం కొలుస్తాం. గంటకు 250 మిల్లీలీటర్లకు మించి, నీళ్లలా తెల్లగా, వరుసగా రెండు మూడు గంటలు వస్తే డాక్టరుకు కబురు పెడతాం. పిట్యూటరీ వెనుక భాగం నుంచి రావలసిన వాసోప్రెసిన్ (మూత్రంలో నీళ్లు ఎక్కువగా పోకుండా ఆపే హార్మోను) తగ్గినప్పుడు ఇలా జరుగుతుంది. చాలామందిలో కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది, లేకపోతే దానికి బదులుగా పనిచేసే డెస్మోప్రెసిన్ మందు ఇస్తారు. ఆ సమయంలో దాహం వేసినంత నీళ్లు తాగాలి, నీళ్లు అందుబాటులో లేకుండా చేయకూడదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది ఇంటికి వెళ్లాక వస్తుంది. సుమారు అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య కొందరిలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, నీరసం, మగతగా ఉండడం, పొంతన లేకుండా మాట్లాడడం దాని గుర్తులు. ఆపరేషన్ నీరసమే కదా అని పడుకోబెట్టేస్తారు, బలం వస్తుందని ఇంకా ఎక్కువ నీళ్లు, రసాలు పట్టిస్తారు, దానితో సోడియం ఇంకా పడిపోయి మూర్ఛ వచ్చే దాకా వెళుతుంది. అందుకే మా దగ్గర ఆపరేషన్ అయిన వారం రోజులకు సోడియం పరీక్ష తప్పనిసరిగా చేయిస్తాం. కొన్ని చోట్ల మొదటి వారం తాగే ద్రవాలను రోజుకు ఒకటి, ఒకటిన్నర లీటర్లకే పరిమితం చేస్తారు. మీ డాక్టరు గారు ఏది చెబితే అది పాటించండి, సొంతంగా నీళ్లు పెంచకండి, తగ్గించకండి.

ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మలబద్ధకం రాకుండా మందు వాడాలి. ఆమె ముందుకు వంగి కూర్చున్నప్పుడు ముక్కు నుంచి నీటి చుక్కలు టపటపా పడుతుంటే, లేదా గొంతులోకి ఉప్పగా ఏదో జారుతోందని ఆమె అంటే, జలుబు అనుకోకుండా ఆ చుక్కలను ఒక శుభ్రమైన సీసాలో పట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షతో అది మెదడు ద్రవమో కాదో తేలిపోతుంది.

గోరువంక

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నీలికలువ గారు చెప్పినట్టు రక్త నమూనాను పలుచన చేసి పరీక్షించమని అడిగాము. విలువ 71 వచ్చింది, అంటే ఇది మాత్రలతో కరిగే రకం కాదని తేలింది. ఉదయపు కార్టిసాల్, ఉచిత టి4 రెండూ తగ్గి ఉన్నాయి. ముందు హైడ్రోకార్టిసోన్, కొన్ని రోజుల తరువాత థైరాక్సిన్ మొదలుపెట్టారు. ఈ మందులకే అమ్మకు మునుపటి కంటే ఓపిక వచ్చింది.

మా సర్జన్ గారితో మళ్లీ కూర్చుని మాట్లాడాము. ఏ భాగాన్ని తీస్తారో, ఏ భాగాన్ని వదులుతారో ఎం.ఆర్.ఐ. చిత్రం మీద వేలు పెట్టి చూపించమని అడిగితే ఆయన సంతోషంగా చూపించారు. దృష్టి నాడుల కింద ఉన్నదంతా, గుంటలో ఉన్నదంతా తీస్తారు. ఎడమ ధమనికి బయటి వైపు ఉన్నది ఉండిపోతుంది. కంటి వెనుక నాడి పొర మందాన్ని కొలిచే ఓ.సి.టి. పరీక్షలో ఆ పొర ఇంకా పూర్తిగా పలచబడలేదని తేలింది కాబట్టి చూపు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉందనీ, అందుకే ఆలస్యం చేయకూడదనీ అన్నారు. ఇంట్లో ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. ఒక చివరి ప్రశ్న: ఆపరేషన్ తరువాత ఈ హైడ్రోకార్టిసోన్ ఎప్పుడు ఆపవచ్చు? మధ్యలో జ్వరం వస్తే ఏం చేయాలి?

నీలికలువ

గోరువంక గారూ, దాన్ని మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకండి. ఆపరేషన్ తరువాత కొన్ని రోజులకు, మళ్లీ ఆరు వారాల ప్రాంతంలో, ఉదయం మాత్ర వేసుకునే ముందు కార్టిసాల్ చూస్తారు. అది చాలినంత ఉంటే, అవసరమైతే ఇంకో ఉద్దీపన పరీక్ష చేసి, డాక్టరు గారే నెమ్మదిగా తగ్గిస్తారు. పెద్ద గడ్డల్లో కొందరికి అది జీవితాంతం అవసరమవుతుంది. మాత్రలు వేసుకుంటున్నంత కాలం జ్వరం వస్తే, తగ్గే వరకు మోతాదును రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో వేచి చూడకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆమె స్టెరాయిడ్ మీద ఆధారపడి ఉన్నారని తెలిపే చీటీ ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండాలి. మొదటి ఎం.ఆర్.ఐ. సాధారణంగా మూడు నెలలకు తీస్తారు. అంతకంటే ముందు తీస్తే గాయం, కొవ్వు ముక్క, మిగిలిన గడ్డ కలగలిసి కనిపిస్తాయి. ఆ చిత్రాన్ని భద్రంగా దాచండి, తరువాత తీసే ప్రతి చిత్రాన్నీ దానితోనే పోల్చి చూడాలి.